తలలో రక్తనాళం చిట్లితే నల్లగొండ నుంచి ఎటు పోవాలి, ఏం అడగాలి

ముందు తలనొప్పి ఎప్పుడు మొదలైందో అడగండి. మామూలు తలనొప్పి ఉన్న మనిషి "పొద్దుగాల నుంచి గుంజుతుంది" అంటాడు. తలలో రక్తనాళం చిట్లిన మనిషి అట్లా చెప్పడు. "బిందె ఎత్తుకుంటుంటే ఒక్కసారే కొట్టినట్టయింది", "బాత్రూంల ఉన్నప్పుడు వచ్చింది" అని ఆ క్షణం చెప్తాడు. నిమిషంలోపే నొప్పి తారస్థాయికి పోయి, బతుకులో అంత నొప్పి ఎన్నడూ చూడలేదంటే అనుమానించాల్సిందే. దానికి తోడు వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, కాసేపు స్పృహ తప్పి లేవడం, ఫిట్స్, ఒక కంటి రెప్ప వాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఎవరినీ సలహా అడగొద్దు. 108కి ఫోన్ చేయండి.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి న్యూరోసర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉండేది నల్లగొండలో, పుట్టిల్లు హాలియా దగ్గర. చుట్టాలు, చుట్టాల చుట్టాలు, పాత కాలనీ వాళ్లు రాత్రి పూట ఫోన్ చేసి "సిస్టరమ్మా, తలల నరం చిట్లిందంటున్రు, ఏడికి తీస్కపోవాలె?" అని అడుగుతారు. ప్రతిసారీ అవే మాటలు చెప్తున్నాను కాబట్టి ఒక చోట రాసి పెడుతున్నాను. డాక్టరు చెప్పాల్సినవి డాక్టరే చెప్తారు. డాక్టరు దాకా చేరడం, చేరాక బిత్తరపోకుండా ఉండడం, ఆ రెండిటి గురించే ఇది.

మందూ ఉంది, ఆపరేషనూ ఉంది, డబ్బు కట్టే పథకమూ ఉంది. టైం పోయేది ఇంటి దగ్గర, ఊరి దగ్గర, రోడ్డు మీద. నా సర్వీసులో చూసిన నష్టంలో చాలా భాగం ఆపరేషన్ టేబుల్ మీద జరిగింది కాదు.

తొలి గంటలో

అసలు లోపల జరిగేది ఇది. మెదడు అడుగున నాళాలు చీలే చోట గోడ పల్చబడి, సైకిల్ ట్యూబు బుగ్గ కట్టినట్టు ఉబ్బుతుంది. దాన్ని డాక్టర్లు అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఈ బుగ్గ ఉండొచ్చని లెక్క. చాలామందికి అది ఉందని కూడా తెలియకుండానే బతుకు గడిచిపోతుంది. కొందరిలో అది పగులుతుంది. బీపీ, బీడీ, సిగరెట్టు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ చూస్తాం. ముసలివాళ్ల జబ్బు అనుకుంటారు గానీ నలభై, యాభై ఏళ్ల వాళ్లే ఎక్కువగా వచ్చేవారు. ఇంటిని నడిపే వయసు అది.

ఒకసారి పగిలి, రక్తం గడ్డకట్టి తాత్కాలికంగా ఆగుతుంది. మళ్లీ పగిలే ప్రమాదం మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే ఎక్కువ, రెండోసారి పగిలితే బతికేవాళ్లు తక్కువ. అందుకే "కొంచెం తగ్గింది, పొద్దున చూద్దాం" అనే మాటంటే నాకు భయం. ఊళ్లో జరిగేది ఏమిటంటే, గ్యాస్ తలకెక్కిందని ఒక సూది, నొప్పికి ఇంకో సూది వేసి పడుకోబెడతారు. ఎండాకాలమైతే వడదెబ్బ అంటారు. మెడ బిగుసుకుంటే నిద్రలో మెడ పట్టిందని తైలం రాస్తారు. సూదికి నొప్పి కొంచెం తగ్గేసరికి ఇంటివాళ్లు కుదుటపడతారు. బుగ్గ మాత్రం అక్కడే ఉంది.

ఇంట్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. డిస్ప్రిన్, ఎకోస్ప్రిన్ లాంటివి వేయొద్దు. గుండెనొప్పికి నమిలించమని వాట్సాప్‌లో చూసి దీనికీ నమిలిస్తున్నారు. అవి రక్తాన్ని పల్చన చేసేవి. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించొద్దు. మగతగా ఉన్న మనిషికి నీళ్లు, చాయ్, నిమ్మరసం ఏవీ తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నొప్పి మొదలైన టైం ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. వాడుతున్న మందుల కవరు అట్లాగే చేతికి తీసుకోండి.

నొప్పి లేకుండా మూతి వంకర పోయి, చెయ్యీ కాలూ పడిపోయి, మాట తడబడితే అది ఎక్కువగా నాళంలో రక్తం గడ్డ అడ్డుపడిన పక్షవాతం. దానికి గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపు వేయాలి. పెద్ద నాళం మూసుకుపోతే గజ్జల నుంచి వైరు పంపి గడ్డను లాగేస్తారు. ఆ పద్ధతి పనిచేస్తుందని 2015లో వరుసగా వచ్చిన పరిశోధనలు తేల్చాయి. ఆరు గంటల లోపైతే మేలు. కొందరికి స్కాన్ చూసి ఇరవై నాలుగు గంటల దాకా కూడా చేయొచ్చని 2018లో తేలింది. ఆ గంటలన్నీ పసరు పోయించడానికి క్యూలో కూర్చుని పోగొట్టుకున్న వాళ్లను చూశాను. గడ్డకు చేసే వైద్యం, రక్తస్రావానికి చేసే వైద్యం ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. రెండిటిలో ఏదన్నది తేల్చేది సీటీ స్కానే.

ముందు సీటీ, ఆ తర్వాతే పెద్ద ప్రయాణం

మనవాళ్లకు ఒక అలవాటు ఉంది. పెద్ద జబ్బు అనగానే కారు మాట్లాడుకుని, నార్కట్‌పల్లి ఎక్కి, చౌటుప్పల్ దాటి, ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, నాలుగు ఆసుపత్రులు తిరిగి చివరికి ఎక్కడో చేరతారు. మహబూబ్‌నగర్ వాళ్లయితే జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఇదే కథ. తోవలో వాంతి చేసుకుని ఊపిరి ఆడకపోతే కారులో చూసేవాళ్లు ఎవరు?

దగ్గర్లో సీటీ, డాక్టరు రెండూ ఉన్న చోట ముందు ఆగండి. రంగు మందు ఎక్కించని మామూలు సీటీ చాలు, నిమిషాల్లో అయిపోతుంది. నొప్పి వచ్చిన ఆరు గంటల లోపు తీస్తే రక్తస్రావం దాదాపు తప్పిపోదు. రోజులు గడిచాక తీస్తే కనబడకపోవచ్చు, అప్పుడు వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేస్తారు. వెన్ను నీరు తీస్తే నడుము పడిపోతుందని భయపడి సంతకం పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. దాంతో నడుము పడిపోదు. సంతకం పెట్టండి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాలేజీ వచ్చింది కదా, తలలో నాళం ఆపరేషన్ కూడా ఇక్కడే అవుతుందని అనుకోవద్దు. దానికి మైక్రోస్కోపు, క్యాథ్‌ల్యాబు (నాళాల్లోకి గొట్టం పంపి వైద్యం చేసే గది), న్యూరో మత్తు డాక్టరు, ఐసీయూ, అన్నీ ఒకే చోట ఉండాలి. కానీ ఊపిరి నిలబెట్టడం, బీపీ నెమ్మదిగా దించడం, ఫిట్స్ ఆపడం, స్కాన్ తీసి రిఫర్ చేయడం జిల్లాలో జరగాల్సిన పనులు. దేవరకొండ వాళ్లకు మాత్రం నల్లగొండకు రావడమంటే పక్కకు పోవడమే, వాళ్ల దారి కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా. మీరు ఏ ఊరి వాళ్లయినా, రాత్రి రెండింటికి కూడా సీటీ తీసే చోటు మీకు దగ్గర్లో ఎక్కడుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

స్కాన్ అయ్యాక ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము ఫోటో వాట్సాప్‌లో పెడితే ఏదో కొంత తెలుస్తుంది గానీ సర్జనుకు కావాల్సింది సీడీలో ఉంటుంది. సీడీ లేకపోతే మళ్లీ స్కాన్, మళ్లీ గంట. రిఫర్ చేసిన ఆసుపత్రి నుంచే అంబులెన్స్ మాట్లాడించుకోండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి కూడా తీసుకుపోతుంది, డబ్బులు అక్కర్లేదు.

ఫోన్‌లో ఏం అడగాలి

బ్రిటన్‌లో 1948 నుంచి వైద్యం దాదాపు అంతా సర్కారుదే. అక్కడ కూడా చిన్న ఊరి మనిషికి తలలో నాళం పగిలితే పెద్ద కేంద్రానికే పంపుతారు. అన్ని ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ చేయరు, చేయకూడదు కూడా, చెయ్యి తిరగాలంటే కేసులు ఒక చోటికి రావాలి. తేడా ఎక్కడంటే, అక్కడ ఒక ఆసుపత్రి డాక్టరు ఇంకో ఆసుపత్రి సర్జనుకు ఫోన్ చేస్తాడు. మన దగ్గర ఆ ఫోన్ బావమరిదో అల్లుడో చేస్తాడు. కాబట్టి ఆ అల్లుడికి ఏం అడగాలో తెలియాలి.

"మీ దగ్గర న్యూరో ఉందా?" అని అడగొద్దు. ఎవరైనా ఉందనే అంటారు. "సీటీలో ఎస్‌ఏహెచ్ అని వచ్చింది, అన్యూరిజం అనుమానం" అని మొదలుపెట్టండి. ఎస్‌ఏహెచ్ అంటే మెదడు చుట్టూ రక్తం కారడం. ఆ మూడు అక్షరాలు వింటే అవతలి మనిషి గొంతు మారుతుంది, ఫోన్ డ్యూటీ డాక్టరు చేతికి పోతుంది. ఆ తర్వాత వరుసగా అడగండి. తలకు డీఎస్‌ఏ (నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష) చేసే క్యాథ్‌ల్యాబు ఉందా, సెలవు రోజు కూడా నడుస్తుందా? క్లిప్పింగ్ (పుర్రె తెరిచి బుగ్గకు క్లిప్పు పెట్టడం), కాయిలింగ్ (గజ్జల నుంచి గొట్టం పంపి బుగ్గలో తీగ నింపడం) రెండూ మీ దగ్గరే చేస్తారా? వెంటిలేటర్ బెడ్ ఇప్పుడు ఖాళీ ఉందా? ఆరోగ్యశ్రీ కింద న్యూరోసర్జరీకి మీకు అనుమతి ఉందా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. ఒక ఆసుపత్రి బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉన్నా, అది కొన్ని విభాగాలకే ఉండొచ్చు. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసినా ఏ ఆసుపత్రికి ఏ విభాగం ఉందో చెప్తారు. ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కోసం పథకం సేవలు ఆపేసిన రోజులు కూడా రాష్ట్రంలో వచ్చాయి, అందుకే బయల్దేరే ముందే అడగాలి.

చివరగా ఫోన్ ఎత్తిన మనిషి పేరు అడిగి రాసుకోండి. గేటు దగ్గర "బెడ్ లేదు" అన్నప్పుడు ఆ పేరు పనికొస్తుంది. ఒక రాత్రి మా ఆడపడుచు కొడుకు మిర్యాలగూడ నుంచి ఫోన్ చేస్తే ఈ ప్రశ్నలన్నీ చెప్పి రాసుకోమన్నాను. మొదట మాట్లాడిన చోట అన్నీ బాగానే చెప్పి, క్యాథ్‌ల్యాబు సంగతి అడగ్గానే "పొద్దున్నే సార్ వస్తరు, అప్పుడు చూద్దాం" అన్నారట. వాడు ఇంకో నంబరు కొట్టాడు. ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ల అత్తకు సగం రోజు కలిసొచ్చింది.

కాగితాలు, డబ్బులు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మూడు జిల్లాల్లో మొదలైంది. ఆ మూడింటిలో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, ఇంకా అవసరమైతే మరో యాభై వేలు. అంతకుముందు వార్డులో నేను చూసింది వేరు. క్లిప్పు తెచ్చుకోమని చీటీ రాసిస్తే, ఊరికి పోయి బర్రెను అమ్ముకొచ్చేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఒక్కోసారి మంచం ఖాళీగా ఉండేది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పరిమితి పది లక్షలైంది. కేంద్రం 2018 సెప్టెంబర్ 23న తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఐదు లక్షలు. అందులో మెదడు నాళాలకు లోపలి నుంచి చేసే వైద్యాన్ని విడిగా ఒక విభాగంగానే పెట్టారు. కాయిలింగ్ ప్యాకేజీలో మొదటి మూడు కాయిళ్ల ఖర్చు కలిపే ఉంటుంది, ఆపైన పడే ప్రతి కాయిలుకూ వేరే లెక్క ఉంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, పథకం కింద చేర్చుకుని మధ్యలో "ఇంకో కాయిలు పట్టింది, క్యాష్ కట్టండి" అనే చోట్లు ఉన్నాయి. అట్లా అడిగితే రసీదు అడగండి, ఆసుపత్రిలో పథకం పని చూసే ఆరోగ్యమిత్రకు చెప్పండి, వినకపోతే అక్కడి నుంచే 104కు ఫోన్ చేయండి. గొడవ పడక్కర్లేదు, ఫోన్ చేస్తున్నట్టు కనబడితే చాలాసార్లు సరిపోతుంది.

చేతిలో ఉండాల్సినవి రేషన్ కార్డు, పేషెంటు ఆధార్, రిఫరల్ చీటీ, స్కాన్. కార్డులో పేషెంటు పేరు ఉండాలి. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే ఆ కార్డు తెప్పించండి, అత్తింటి కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర వాదించడం దండగ. రాత్రి చేరినా, ఆదివారం చేరినా అత్యవసరమని ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, కాబట్టి "సోమవారం దాకా అప్రూవల్ రాదు" అంటే ఒప్పుకోవద్దు. కార్డు లేనివాళ్లు నిమ్స్‌లో చేరితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు కడుతుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ కాగితం) వస్తుంది. నిమ్స్ డాక్టరు ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం, ఎమ్మెల్యే లెటరు పట్టుకుని ఇంట్లో ఒకరు ఆ పని మీదే తిరగాలి. పేషెంటు దగ్గర ఉండే మనిషి వేరు, కాగితాల మనిషి వేరు అని మొదటి రోజే తేల్చుకోండి. ఒక్కరే రెండూ చేస్తే రెండూ చెడతాయి.

క్లిప్పా, కాయిలా

చేరాక డాక్టరు ఈ మాట ఎత్తుతారు. మీరు తేల్చేది కాదు గానీ, వినేటప్పుడు అర్థం కావాలి. లేకపోతే "తల కోస్తరంట" అనగానే ఊళ్లో పెద్దమనిషికి ఫోన్ చేసి, ఆయన "కోయనీయకుండ్రి" అంటే ఆగిపోతారు. ఇది నిజంగా జరిగేదే.

మొదట నాళాలను చూడడం నేర్చుకున్నారు. 1927లో లిస్బన్‌లో ఏగాస్ మోనిజ్ అనే డాక్టరు నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి మెదడు నాళాలను మొదటిసారి చూపించాడు. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి, బుగ్గ మెడ దగ్గర చిన్న వెండి క్లిప్పు పెట్టి నొక్కేశాడు. రక్తం బుగ్గలోకి పోకుండా నాళంలో తన దారిన తను పోతుంది. ఇప్పటికీ క్లిప్పింగ్ అంటే ఇదే. 1960ల చివర్లో జూరిక్‌లో యాసర్గిల్ అనే సర్జను మైక్రోస్కోపు కింద చేయడం మొదలుపెట్టాక మెదడును నొక్కకుండా, దాని మడతల మధ్య దారి చేసుకుని బుగ్గ దాకా పోవడం సాధ్యమైంది. మన దేశంలో న్యూరోసర్జరీకి మొదటి విభాగం 1949లో వెల్లూరులో డాక్టర్ జాకబ్ చాండీ పెట్టారు.

మన జిల్లాకు న్యూరోసర్జన్‌తో పరిచయం తల వల్ల కాలేదు, నీళ్ల వల్ల అయింది. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు పెరిగి, వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోయినవాళ్లు మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చేవారు. నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి లాంటి న్యూరోసర్జన్లు ఆ జబ్బు మీద చాలా రాశారు. ఆ రోగుల్ని చూసినవాళ్లే ఇవాళ "న్యూరోసర్జన్ దగ్గరికి పోతే నడవడు" అంటారు. నడవలేని స్థితిలోనే వాళ్లు పోయారన్న సంగతి మర్చిపోతారు.

మళ్లీ కాయిలు దగ్గరికి వస్తాను. 1990లో లాస్ ఏంజెలెస్‌లో గుగ్లియెల్మి అనే డాక్టరు పుర్రె తెరవకుండా, గజ్జల్లోని నాళం నుంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి, బుగ్గలో ప్లాటినం తీగ చుట్టలు నింపాడు. తీగ లోపలికి పోయాక చిన్న కరెంటు ఇస్తే అతుకు కరిగి తీగ అక్కడే ఉండిపోతుంది. నేను చేరిన కొత్తలో మా వార్డులో ఆ మాట కూడా వినబడేది కాదు. తర్వాత ఒక కంపెనీ మనిషి నమూనా తెచ్చి చూపించాడు. వెంట్రుకలా ఉన్న తీగ, ట్రేలో వదలగానే దానంతట అదే చుట్టుకుంది. మా సీనియర్ సిస్టరు కళ్లద్దాలు సర్దుకుని "దీనికి ఇన్ని వేలా?" అంది.

ఏది మంచిదనే కొట్లాట చాలా ఏళ్లు నడిచింది. తేల్చింది ఎక్కువగా బ్రిటన్ సర్కారీ ఆసుపత్రులే. రెండూ పనికొస్తాయని డాక్టర్లకు అనిపించిన 2143 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి చూశారు, ఫలితం 2002లో వచ్చింది. ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి కాయిల్ గుంపులో 23.7 శాతం, క్లిప్ గుంపులో 30.6 శాతం. ఆ తర్వాత బ్రిటన్‌లో చాలా కేసులు కాయిలు వైపు పోయాయి. ఒకే పథకం కింద ఉన్న ఆసుపత్రులు కలిసి లెక్క పెడితే ఎంత పెద్ద ప్రశ్నకైనా జవాబు దొరుకుతుందని నాకు అందులో నచ్చింది. మన ఆరోగ్యశ్రీ కింద ఇన్నేళ్లలో ఎంతమంది చేరి ఉంటారో, వాళ్లు ఏడాది తర్వాత ఎట్లున్నారో అట్లా లెక్క తీసి జనానికి చెప్పాలని నా కోరిక.

అయితే క్లిప్పు పాతబడిపోలేదు. కాయిల్ వేసినవాళ్లలో కొందరికి బుగ్గ మళ్లీ కొంచెం తెరుచుకోవచ్చు, మళ్లీ చేయాల్సి రావచ్చు. బుగ్గ మెడ వెడల్పుగా ఉన్నా, మెదడు పక్క భాగానికి పోయే నాళం మీద ఉన్నా, పెద్ద రక్తపు గడ్డ కూడా తీయాల్సి ఉన్నా క్లిప్పే మేలని సర్జన్లు అంటారు. మెదడు వెనక వైపు నాళాల మీదుంటే కాయిలు. కాబట్టి మీరు డాక్టరును అడగాల్సిన ప్రశ్న "ఏది మంచిది సార్?" కాదు. "మా అమ్మ బుగ్గ ఎక్కడుంది, మీరు రెండూ చేస్తారు కదా, ఇదే ఎందుకు అనుకుంటున్నారు?" అని అడగండి. ఒక్కటే చేయగలిగే చోట జవాబు ముందే తెలిసిపోతుంది.

ఒకప్పుడు వారం, పది రోజులు వాపు తగ్గేదాకా ఆగి ఆపరేషన్ చేసేవారు. ఆ ఆగడంలోనే రెండోసారి పగిలి పోయేవాళ్లు. ఇప్పుడు వీలైతే ఇరవై నాలుగు గంటల్లో మూసేయాలనేది పద్ధతి. "పేషెంటు వీక్‌గా ఉన్నడు, ఓ వారం సెలైన్లు పెట్టించుకుని చేయించుకుంటం" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

వార్డులో మీ పని

ఆపరేషన్ అయింది కదా, గండం గడిచిందని స్వీట్లు పంచే చుట్టాలను నేనే ఆపేదాన్ని. నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మెదడు నాళాలు ముడుచుకునే ప్రమాదం ఉంది. దానికోసమే నిమోడిపిన్ మాత్రలు. బ్రిటన్‌లో 554 మంది మీద చేసి 1989లో బయటపెట్టిన పరీక్షలో ఈ మందు వాడినవాళ్లలో మెదడు భాగం చచ్చుబడడం 33 శాతం నుంచి 22 శాతానికి తగ్గింది. ముప్పై మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, నాలుగు గంటలకోసారి, ఇరవై ఒక్క రోజులు, రాత్రి కూడా. బీపీ పడిపోతుంటే డాక్టరు రెండు గంటలకోసారి ఒక్కోటి చేస్తారు. ఒక్క నర్సు చేతిలో అంతమంది పేషెంట్లు ఉన్నప్పుడు రాత్రి రెండు గంటల డోసు ఆలస్యమయ్యేది అక్కడే. ఫోన్‌లో అలారం పెట్టుకుని వచ్చి "సిస్టర్, రెండైంది" అని గుర్తు చేసిన కొడుకుల మీద నేనెప్పుడూ కోప్పడలేదు. ముందే ఇంటికి పంపిస్తే మిగిలిన రోజుల మాత్రలు రాసిచ్చారో లేదో చూసుకోండి.

ముడుచుకోవడం మొదలైతే ముందు కనిపెట్టేది ఇంటివాళ్లే. నిన్న గలగలా మాట్లాడిన మనిషి ఇవాళ ముక్తసరిగా అంటున్నా, చెంచా పట్టే చెయ్యి మారినా, పగలంతా నిద్రపోతున్నా, వెంటనే చెప్పండి. "నీరసం గావచ్చు" అని మీరే సర్ది చెప్పుకోవద్దు. సోడియం పడిపోయినా ఇట్లాగే ఉంటుంది, రక్త పరీక్షతో తెలుస్తుంది.

తలలో నీరు పేరుకుంటే సన్నని గొట్టం పెట్టి బయట సంచిలోకి వదులుతారు. ఆ సంచిని చెవి రంధ్రం ఎత్తుకు కొలిచి, అక్కడి నుంచి ఇన్ని సెంటీమీటర్లని లెక్కగా కడతాం. పరామర్శకు వచ్చిన పెద్దమ్మ "ఏందిరా, బిడ్డను పండబెట్టే ఉంచిన్రు" అని లేపి దిండు పెట్టి కూర్చోబెడుతుంది. లెక్క తప్పి నీరు ఒక్కసారిగా ఎక్కువ కారిపోతుంది. మంచం ఎత్తాలన్నా, పేషెంటును జరపాలన్నా నర్సును పిలవండి, ఆమె ముందు గొట్టం మూస్తుంది. గజ్జల నుంచి కాయిల్ వేసుంటే ఆ కాలు చెప్పినంతసేపు చాపే ఉంచాలి. మలబద్ధకం రానీయొద్దు, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది, సిరప్ అడగండి. ఇంతకుమించి వార్డులో మీరు చేయగలిగింది చుట్టాల్ని తగ్గించడమే.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ సమ్మరీ చూసుకోకుండా సంతకం పెట్టొద్దు. ఏ నాళం, క్లిప్పా కాయిలా, క్లిప్పయితే టైటానియమా, స్టెంట్ (నాళం లోపల పెట్టే సన్నని జాలీ గొట్టం) పెట్టారా, ఇవన్నీ రాసి ఉండాలి. తర్వాత ఎప్పుడో నడుం నొప్పికి ఎంఆర్ఐ తీయాల్సి వస్తే స్కానింగ్ సెంటర్‌లో మొదట అడిగేది అదే. ప్లాటినం కాయిలుకు, టైటానియం క్లిప్పుకు ఎంఆర్ఐ సాధారణంగా ఇబ్బంది కాదు, కాగితం లేకపోతే మాత్రం వాళ్లు తీయరు. ఇంప్లాంట్ కార్డు ఇస్తే రేషన్ కార్డుతో పాటు దాచండి. పథకం కింద చేరినవాళ్లకు పది రోజుల మందులు, ఇంటికి పోయే బస్సు చార్జీ కూడా వస్తాయి, మొహమాటపడకుండా మిత్రను అడగండి.

స్టెంట్ పెట్టినవాళ్లు రక్తం పల్చన చేసే మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు న్యూరో డాక్టరును అడగాలి. బీపీ మాత్ర జీవితాంతం, బీడీ ఇంక లేదు. తల్లికో తండ్రికో, తోడబుట్టినవాళ్లకో కలిపి ఇంట్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉంటే మిగతావాళ్లు కూడా ఒకసారి నాళాల స్కాన్ చేయించుకోవాలా అని డాక్టరును అడగండి. ఒక్కరికే వస్తే ఊరంతా స్కాన్లకు పరిగెత్తక్కర్లేదు.

కాయిల్ వేసినవాళ్లకు దాదాపు ఆరు నెలలకు మళ్లీ యాంజియోగ్రామ్ ఉంటుంది. బాగానే ఉన్నాం కదా అని మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. నాట్లో, కోతలో, పెళ్లో అడ్డం వస్తుంది. ఆ తేదీ డిశ్చార్జ్ రోజే అడిగి, ఆ చెకప్ పథకంలో వస్తుందా లేదా మిత్రతో అప్పుడే మాట్లాడుకోండి. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీనే, జీరో టికెట్ కొట్టాలంటే కండక్టర్ ఆధార్ అడుగుతాడు, అసలు కార్డే తీసుకుని వెళ్లండి.